సైన్సు మాట మార్చిందట!

"సైన్సుదేముంది గురూ! ఇవాళ ఔనంటారు, రేపు కాదంటారు." మొన్న బౌరంపేట్ లో ఎవరిదో విల్లా కోసం బండ పగలగొడుతుంటే చూస్తూ మా ఫ్రెండు అన్నమాట. ఆస్ట్రేలియా రాళ్ళ గొడవ ఎక్కడో చదివాడు లెండి. నాకు ఒళ్ళు మండింది.

బౌరంపేట్ బండ గ్రానైటు. కరిగిన రాయి చల్లారి గట్టిపడింది కాబట్టి అందులో జీవుల ఆనవాళ్ళు వెతకడం దండగ. వెతకాల్సింది బురద గట్టిపడిన షేల్ లో. ఆక్సిజన్ అందని నీటి అడుగున చచ్చిన జీవులు పూర్తిగా కుళ్ళవు. వాటి కొవ్వు అణువుల చట్రాలు కోట్ల ఏళ్ళు మిగిలిపోతాయి. అవే మాలిక్యులర్ ఫాసిల్స్. మన కృష్ణా-గోదావరి బేసిన్ లో చమురు, గ్యాసు పుట్టిన రాఘవాపురం షేల్ కూడా ఇలాంటి బురదే. ఐసోరెనీరటేన్ అనే అణువునే తీసుకోండి. దాని ముడిసరుకు ముఖ్యంగా గ్రీన్ సల్ఫర్ బాక్టీరియాది. వాటికి వెలుతురు కావాలి, హైడ్రోజన్ సల్ఫైడ్ కావాలి, ఆక్సిజన్ మాత్రం పడదు. అంటే ఆనాటి నీళ్ళలో పరిస్థితి ఏమిటో ఆ ఒక్క అణువు చెప్పేస్తుంది.

ఇక అసలు గొడవ. 1999లో యోఖెన్ బ్రాక్స్ బృందం పిల్బారాలోని 270 కోట్ల ఏళ్ళ షేల్ లో స్టెరేన్లు దొరికాయంది. వాటి మూలమైన స్టెరాల్ తయారవ్వాలంటే ఆక్సిజన్ ఉండాలి. గాలిలో ఆక్సిజన్ పెరిగిందేమో సుమారు 240 కోట్ల ఏళ్ళ క్రితం! పెద్ద సంచలనమే అయింది. 2008లో అవి ఆ రాయివి కావు, తర్వాత చేరినవని ఇంకో పేపర్ వచ్చింది. దాని రచయితల్లో బ్రాక్స్ కూడా ఉన్నాడు! 2015లో, నూనె మరకంటకుండా కొత్తగా బోరు వేసి తీసిన రాళ్ళలో స్టెరేన్లు లేవని తేలింది. ఆ పేపర్లోనూ 1999 నాటి సమ్మన్స్, బ్యూయిక్ ఉన్నారు.

తొమ్మిదేళ్ళపాటు ఆ తప్పు చెలామణీ అయిన మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఇన్‌పుట్ డేటా చెడిపోతే అల్గారిథమ్ తప్పైపోతుందా? అప్పుడు ఆక్సిజన్ అసలు లేదని కూడా తేలలేదు, ఈ సాక్ష్యం చెల్లలేదు, అంతే.

మనమేం చేస్తాం? ప్రొడక్షన్ లో బగ్ వస్తే "నా మెషీన్ లో బాగానే ఉందే" అంటాం. ఒకసారి నా కోడ్ లో తప్పు నాకు తెలిసి కూడా, వేరే టీమ్ మీదకి పోతుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. పెద్ద పేరు తెచ్చిన పేపర్ని వాళ్ళు తామే కాదన్నారు. మాట మార్చడమంటే ఇదే అయితే, మనమూ కొంచెం నేర్చుకుంటే మంచిది.

మీ బగ్ మీరే ఆఖరిసారి ఎప్పుడు ఫైల్ చేశారు మాస్టారూ? :)