క్రియకు తోడైన చిన్న పదము

1955లో సోవియట్ దేశముతో కుదిరిన ఒడంబడికవలన పుట్టి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారిచే తొలి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభోత్సవమును చూచిన భిలాయి ఉక్కు నగరమున, రెండు మూడు తరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబముల బిడ్డలు ఆంగ్లభాషలోని ఫ్రేజల్ వెర్బులను, అనగా చిన్న పదము తోడై అర్థము మారు క్రియలను, పట్టికలుగా వల్లెవేయుటకంటె వాక్యములలో నెరుగుటయే శ్రేయస్కరమని నా దృఢాభిప్రాయము. యంత్రము తనంతట నిలిచిపోయిన ‘బ్రేక్ డౌన్’ అనియు, మరమ్మతునకై తామే నిలిపిన ‘షట్ డౌన్’ అనియు వారి పెద్దలు నిత్యము పలుకుచునే యున్నారు. ‘బ్లో’ అను ఒక్క క్రియకే ‘ఇన్’ చేరినప్పుడు కొత్త కొలిమిలోనికి వేడిగాలి ప్రవేశించి అది పనికి పూనుకొనుననియు, ‘ఔట్’ చేరినప్పుడు లోపలి ఇటుక పొరను మార్చుటకై అదే కొలిమి చల్లార్చబడుననియు ఫర్నేసు కార్మికునకు ఏ నిఘంటువును చెప్పనక్కరలేదు. ‘గమ్’ ధాతువు ఉపసర్గభేదముచే ఆగమనము, నిర్గమనము, సంగమము, అధిగమనము అగుటను సహజముగా గ్రహించు తెలుగువానికి ఈ పద్ధతి పరాయిది కాదు. కాని సంస్కృతోపసర్గ ధాతువునకు ముందు అంటిపెట్టుకొని యుండగా, ఆంగ్లపు చిన్న పదము వెనుక నిలిచి, ఒక్కొక్కప్పుడు కర్మకు చోటిచ్చి ఆవలికి జరుగును. మోటారును ఆపుమనుటకు ‘స్విచ్ ఆఫ్ ద మోటార్’, ‘స్విచ్ ద మోటార్ ఆఫ్’ అను రెండును సాధువులే యైనను, మోటారునకు బదులు సర్వనామము వచ్చినచో ‘స్విచ్ ఇట్ ఆఫ్’ అనుటయే సాధువు. ఇట్టి క్రమము పట్టికలో కానరాదు, ప్రయోగమున మాత్రమే తెలియును. కావున ఉపాధ్యాయులు ఒక్కొక్క క్రియను, విద్యార్థి యింటను కర్మాగారమునను జరుగు పనులను చెప్పు పూర్తి వాక్యములతో బోధింపవలెను, అర్థపట్టికను ఆ పిమ్మటనే చూపవలెను.