తెలుగు వస్తే చాలు

విశాఖ మధురవాడలో ఏళ్ల తరబడి ఉంటున్న విదేశీయుడు భారత పౌరుడు కావాలనుకుంటే హిందీయే రావాలని లేదు, తెలుగు వచ్చినా చాలు. 1955 పౌరసత్వ చట్టం అడిగేది రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో ఏదో ఒకటి. ఈ సంగతి మనలోనే చాలామందికి తెలియదు! కఠినమైంది నివాసం లెక్క: దరఖాస్తుకు ముందు 12 నెలలు దేశంలోనే ఉండాలి, అంతకుముందు 14 ఏళ్లలో 11 ఏళ్లు గడిపి ఉండాలి. అమెరికా పౌరసత్వం తీసుకుని తిరిగొచ్చిన మన పిల్లలది వేరే దారి. ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు పొంది అయిదేళ్లయితే పౌరులుగా రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయవచ్చు. అక్కడా ఆ 12 నెలల షరతు తప్పదు. జర్మనీ పౌరసత్వం తీసుకున్న వేములవాడ మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేశ్‌కు 2009లో వచ్చిన భారత పౌరసత్వం రద్దయింది ఆ 12 నెలల దగ్గరే. 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టూ ఆయన పిటిషన్‌ను కొట్టేసింది. ఆ కచ్చితత్వం న్యాయమే, ఓటు హక్కు అంత విలువైనది. అయితే తెలుగును అర్హతగా ఒప్పుకున్న చట్టం తెలుగులో దరఖాస్తునూ ఒప్పుకోవాలి. షరతులన్నీ విశాఖ కలెక్టరేట్ గోడ మీద తెలుగులో రాసిపెట్టాలి.