దోపిడి యీగను గూర్చి

పేరు చెడ్డదైనచో ప్రాణియు చెడ్డదని యెంచుట లోకమున వాడుక. నేనును అట్లే యెంచి తప్పు చేసితిని. దానిని నా విద్యార్థుల యెదుట ఒప్పుకొనుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

వాన వెలిసిన యొక యుదయమున ఎనిమిదవ తరగతి బాలుడొకడు ఆటస్థలపు గట్టుమీద నొక పొడవైన యీగను పుస్తకముతో కొట్టి చంపి, "మాస్టారూ, కందిరీగండి! తేనెటీగను పట్టుకుపోతోందండి" అని తెచ్చి చూపెను. నేను వానిని మెచ్చుకొంటిని. పిమ్మట భూతద్దముతో చూడగా నా యజ్ఞానము నాకు తెలిసినది. కందిరీగకు నాలుగు రెక్కలు, దీనికి రెండే. కొండి లేదు. పెద్ద కన్నుల నడుమ నడినెత్తి పల్లముగా నున్నది. ముఖమున మీసము వంటి బిరుసు వెండ్రుకలున్నవి. ఇదియే ఆంగ్లేయులు రాబర్ ఫ్లై, అనగా దోపిడి యీగ, యనునది.

1802లో లాత్రేయ్ అను ఫ్రెంచి పండితుడు ఈ కుటుంబమునకు ఆసిలిడే యని పేరిడెను. ఇందు ఏడు వేలకు మించిన జాతులు కలవు. మన చింతలపూడి మెట్ట చేల గట్ల వంటి బయళ్లు వీనిలో పెక్కింటికి ప్రీతి. ఇవి ఎండలో పుల్లమీదనో, వట్టి నేలమీదనో కాచియుండి, ఎగిరిపోవు పురుగును గాలిలోనే కాళ్లతో ఒడిసిపట్టును. ముక్కుతో పొడిచి లోనికి చొంగ నెక్కించును. ఆ చొంగ పురుగును చేష్టలుడుగజేసి, దాని లోపలి భాగమును ద్రవముగా మార్చును. ఈగ దానిని పీల్చుకొనును. పిల్లపురుగులు మట్టిలో నుండి యితర పురుగుల పిల్లలను తినును.

కొందరు దీనిని రైతు మిత్రుడందురు. మిడుతలను తినునపుడు ఆ మాట నిజమే. తేనెటీగను పట్టునపుడు కాదు. నా యభిప్రాయమున ఇది మిత్రుడును గాదు, దొంగయు గాదు. దేవుడిచ్చిన యాహారమును వెదకుకొను ప్రాణి. మన లాభనష్టములను బట్టి దానికి పేరు పెట్టినవారము మనమే. పురుగుమందును విచక్షణ లేక చల్లినచో పైరును తిను పురుగుతోపాటు, ఆ పురుగును తిను నీ యీగయు చచ్చును. పెక్కు జాతుల పిల్లపురుగులు ఏడాదికి మించి మట్టిలో పెరుగును గనుక, పోయినవి త్వరగా తిరిగి రావు.

బాలబాలికలారా! ఆ గట్టు దగ్గర పది నిమిషములు కదలక నిలిచి చూడుడు. అది వేటకు లేచి, పట్టిన పురుగుతో మరల వచ్చి వ్రాలుట మీకే కానవచ్చును. ఇకమీదట నా మెప్పు చంపి తెచ్చినవారికి గాదు, చూచి వ్రాసి తెచ్చినవారికి.