ఈ నెల మాట: జ్ఞానం

ఈ నెల మాట జ్ఞానం. తెలివి, ఎరుక అని దీని అర్థం. సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చింది. పలికేటప్పుడు చాలామంది 'గ్నానం' అన్నట్టు పలుకుతారు. రాసేటప్పుడు మాత్రం జ రాసి, దాని కింద ఞ ఒత్తు పెట్టాలి. ఒత్తు అంటే ఒక హల్లుకు ఇంకో హల్లు చేరినప్పుడు రాసే చిన్న రూపం. బడిలో తెలుగు నేర్చుకునే పిల్లలు ఈ అక్షరం దగ్గర కాసేపు ఆగుతారు.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు కూడా ఈ అక్షరం దగ్గరే ఆగిపోయాయి. 'జ్ఞా' ఉన్న ఒక మెసేజ్ వస్తే చాలు, మెసేజ్ యాప్ మూతపడిపోయేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ మూతపడేది. కొన్నిసార్లు ఫోనే మొరాయించేది. ఈ వార్త చాలా దేశాల పత్రికల్లో వచ్చింది. ఆపిల్ కంపెనీ ఫిబ్రవరి 19న సవరణ పంపింది.

అప్పటికి కొత్తదైన ఐఫోన్ టెన్‌లో ఏ11 అనే చిప్పు ఉండేది. అందులో 430 కోట్ల ట్రాన్సిస్టర్లు. ట్రాన్సిస్టర్ అంటే కరెంటును ఆపి, వదిలే చాలా చిన్న స్విచ్చి. ఇంత బలమున్న చిప్పు ఒక్క అక్షరానికి ఎందుకు తడబడింది?

నిజానికి తడబడింది చిప్పు కాదు. చిప్పుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. యూనికోడ్ అనే పట్టికలో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంటుంది. జ అంకె 3100. పొల్లు (్) అంకె 3149. ఞ అంకె 3102. దీర్ఘం (ా) అంకె 3134. ఈ నాలుగూ వరసగా వస్తే, ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తగిలించాలో చూసి 'జ్ఞా' అనే బొమ్మ గీయాలి. ఆ పని సాఫ్ట్‌వేర్‌ది. చిప్పు చేయి అయితే, ఆ చేతికి పని చెప్పేది సాఫ్ట్‌వేర్. ఫోన్లను ఆపిన మెసేజ్‌లో ఞకూ దీర్ఘానికీ మధ్య, కంటికి కనిపించని ఇంకో గుర్తు ఉంది. దాని అంకె 8204. ఆ గుర్తు లేకుండా మామూలుగా రాసిన జ్ఞానం వల్ల ఏ ఇబ్బందీ లేదు. కానీ ఆ ఐదు అంకెలూ కలిసి వస్తే ఏం చేయాలో సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా రాసి లేదు. బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా ఇలాంటి కలయికలు కొన్ని దొరికాయి.

చిప్పు ముందు వెళ్ళిపోవడం, సాఫ్ట్‌వేర్ వెనకబడడం ఒక్క తెలుగుకే వచ్చిన కష్టం కాదు. ఇంటెల్ కంపెనీ 1985 అక్టోబరులో 386 అనే చిప్పు తెచ్చింది. అంతకు ముందు వచ్చిన 286 చిప్పు ఒకసారికి 16 బిట్లతో పని చేసేది. 386 చిప్పు 32 బిట్లతో పని చేయగలదు. (బిట్ అంటే సున్నా గాని ఒకటి గాని.) అయినా దాన్ని కొన్న చాలామంది దాని మీద పాత డాస్ ప్రోగ్రాములే నడిపారు, కొత్త ఎద్దుకు పాత బండి కట్టినట్టు. 32 బిట్ల విండోస్ 1993లో ఆఫీసుల కోసం వచ్చింది. మామూలు ఇళ్ళకు 1995 ఆగస్టులో వచ్చింది. అంటే చిప్పు వచ్చిన పదేళ్ళకు! ఆ విండోస్ 95లో కూడా కొంత భాగం 16 బిట్లదే. ఎందుకంటే జనం తమ పాత ప్రోగ్రాములను వదులుకోరు. అవి నడవకపోతే కొత్తది కొనరు.

ఆ రోజుల్లో ప్రోగ్రాములు రాసేవాళ్ళకు ఒక సుఖం ఉండేది. 1993లో పెంటియం చిప్పు వేగం 66 మెగాహెర్ట్జ్. 2002 చివరికి పెంటియం 4 వేగం 3 గిగాహెర్ట్జ్ దాటింది. దాదాపు 46 రెట్లు. పాత ప్రోగ్రామును కొత్త చిప్పు మీద పెడితే చాలు, ఒక్క ముక్క మార్చకపోయినా వేగంగా నడిచేది. తర్వాత వేడి అడ్డొచ్చింది. వేగం పెంచితే చిప్పు కాలిపోయేంత వేడెక్కుతుంది. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 తెస్తామన్న ఇంటెల్ 2004లో ఆ పని మానుకుంది. 2005లో ఇళ్ళలో వాడే కంప్యూటర్ల చిప్పుల్లోకి రెండు కోర్లు వచ్చాయి. ఒక వంటమనిషిని ఇంకా తొందరపెట్టలేక ఇద్దరిని పెట్టారన్నమాట. ఏ11లో ఆరుగురు.

ఉగాదికి పులిహోర చేస్తున్నాం అనుకోండి. చింతపండు పులుసు తీయడానికి ఒకరు, పోపు వేయడానికి ఒకరు, పల్లీలు వేయించడానికి ఒకరు. బాగుంది. కానీ అన్నం ఉడికి, చల్లారడానికి గంట పడుతుంది. వంటింట్లోకి ఇరవై మంది వచ్చినా ఆ గంట తగ్గదు. ఈ సంగతిని 1967లో జీన్ ఆమ్డాల్ అనే ఇంజినీరు కంప్యూటర్ల గురించి చెప్పారు. పనిలో విడదీయలేని భాగం ఎంత ఉందో, అంతకంటే తక్కువ సమయంలో పని పూర్తి కాదు. విడదీయగల భాగాన్ని కూడా మనిషి కూర్చుని, ఆలోచించి విడదీయాలి. సరిగ్గా విడదీయకపోతే ఒకరు ఉప్పు వేశాక, ఆ సంగతి తెలియక ఇంకొకరూ వేస్తారు! ప్రోగ్రాముల్లో ఇలాంటి తప్పులు పట్టుకోవడం చాలా కష్టం. ఒక్కోసారి వస్తాయి, ఒక్కోసారి రావు.

ఒక చిప్పును బాగా తయారు చేస్తే అదే నమూనాతో కోట్ల చిప్పులు వస్తాయి. ఇంగ్లీషువాళ్ళకూ తెలుగువాళ్ళకూ అదే చిప్పు. సాఫ్ట్‌వేర్ అలా కాదు. తెలుగు ఒత్తుల కోసం ఎవరో ఒకరు విడిగా కూర్చుని రాయాలి. రాసినవాళ్ళకు, పరీక్షించినవాళ్ళకు మన లిపి తెలిసి ఉండాలి. యూనికోడ్ పట్టికలో తెలుగు 1991లోనే చేరింది. విండోస్‌లోకి తెలుగు, గౌతమి అనే ఫాంటుతో, 2001లో ఎక్స్‌పీతో వచ్చింది. మళ్ళీ పదేళ్ళు. తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు రాస్తే ఖాళీ డబ్బాలు కనిపించేవి. ఆ ఫోన్ల చిప్పులకు ఆ పని చేసే బలం లేక కాదు.

ఆ ఎదురుచూపుల్లో మనకు ఒక అలవాటు పడింది. 'ఉగాది శుభాకాంక్షలు' అని రోమన్ అక్షరాల్లో రాసుకున్నాం. ఎస్సెమ్మెస్‌లో అయితే అది లాభం కూడా. ఇంగ్లీషు అక్షరాలు ఒక మెసేజ్‌లో 160 పడితే, తెలుగువి 70 మాత్రమే. అందులో 'జ్ఞా' ఒక్కటే నాలుగు తింటుంది. ఇప్పుడు ఫోన్లు తెలుగును చక్కగా చూపిస్తున్నాయి. మన వేళ్ళు మాత్రం పాత దారినే వెళ్తున్నాయి. నాకు దిగులు కలిగించేది ఇదే. పిల్లలకు తాత పంపే తెలుగు రోమన్‌లోనే వస్తుంటే, బడిలో నేర్చుకున్న ఒత్తులు వాళ్ళు ఎక్కడ చదవాలి?

మీ ఫోన్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకోండి. జ నొక్కండి, పొల్లు నొక్కండి, ఞ నొక్కండి. ఞ కిందికి దిగి ఒత్తు అవుతుంది, చూడండి. తర్వాత దీర్ఘం, న, సున్నా. ఒత్తు దిగకుండా రెండు అక్షరాలూ పక్కపక్కన నిలబడితే, ఫోను పాతదైపోయిందని పారేయకండి. ముందు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి చూడండి.