వేపాకు చేదు తగిలిందా?

పత్తి చేలో కలుపు తీస్తుండగా మడమ దగ్గర చురుక్కుమంటుంది. పక్క సాలులోకి ఏదో సర్రున జారిపోతుంది. కూలీలంతా పరుగున వస్తారు. ఒకరు తువ్వాలు చించి మోకాలి పైన బిగించి కడతారు. ఇంకొకరు వేపరెమ్మ విరిచి తెస్తారు. 'నమలక్కా... చేదు తగులుతోందా?' చేదుగా ఉందంటే గండం గడిచినట్టు. తియ్యగా ఉందంటే విషం ఎక్కినట్టు! వేపాకు దొరక్కపోతే మిరపకాయ. వినుకొండ చుట్టుపక్కల మిరపకాయకి కరువా?

చేదుగా ఉందనే చెబుతుంది ఆవిడ. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే. పత్తి, మిరప, వరి చేలల్లో కాటు వేసే రక్తపింజర విషానికి నాలుకతో పనిలేదు. దాని గురి నెత్తురు. నెత్తురు గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలన్నిటినీ అది ఖర్చు చేసేస్తుంది. గంట తర్వాత చిగుళ్ల నుంచి నెత్తురు రావచ్చు, మూత్రం ఎర్రగా మారొచ్చు. రెండు మూడు రోజులకు మూత్రపిండాలు మొరాయించవచ్చు. ఇంత జరుగుతున్నా వేపాకు చేదుగానే ఉంటుంది.

మరి నిజం చెప్పేదేది? ఒక గాజు టెస్ట్‌ట్యూబు!

ఆసుపత్రిలో రోగి చేతి నుంచి రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో పోస్తారు. 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత ఒకసారి వంచి చూస్తారు. గడ్డ కట్టి ఉంటే ప్రస్తుతానికి నయం. నీళ్లలా జారిందో, పింజర విషం ఒంట్లో పనిచేస్తున్నట్టే. ప్లాస్టిక్ ట్యూబు ఇందుకు పనికిరాదు. గడ్డకట్టే ప్రక్రియను మొదలుపెట్టేది గాజే. కరెంటు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ చేయొచ్చు. మొదటిసారి గడ్డ కట్టింది కదా అని ఇంటికి పంపేయరు. 24 గంటలు దగ్గరుంచుకుని మళ్లీ మళ్లీ చూస్తారు. విషం నెమ్మదిగా ఎక్కే కేసులు ఉంటాయి మరి.

ట్యూబు చెప్పాక యాంటీవెనం ఎక్కిస్తారు. మామూలుగా మొదట పది వయల్స్. చిన్నపిల్లలకు డోసు తగ్గించరు. పసివాణ్ని కరిచినా పాము విషం తగ్గించి ఎక్కించదు కదా! ఈ మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర... నాలుగింటి విషానికీ ఒక్కటే. విషాన్ని ఎక్కువగా తమిళనాడులోని ఇరుల పాములవాళ్ల సహకార సంఘం సేకరిస్తుంది. దాన్ని కొద్ది కొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి నెత్తురు నుంచి మందు తీస్తారు. హైదరాబాద్‌లోనూ తయారవుతోంది. నాలుగింటికీ మందు ఒకటే కాబట్టి, కరిచిన పామును చంపి సంచిలో వేసుకొచ్చే పనిలేదు. తెగిన పాము తల కూడా కాసేపటి దాకా కాటు వేయగలదని చాలామందికి తెలీదు.

2018 ఆగస్టులో దివిసీమలో వందమందికి పైగా పాముకాటుకు గురైనప్పుడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి ఆలయంలో యాగం చేశారు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే నేల మనది, అందులో వింతేం లేదు. దేవుడికి దండం పెట్టుకుంటే ఆలస్యమేమీ కాదు, మంత్రగాడి గుమ్మంలో కూర్చుంటేనే తంటా. మంత్రానికి తగ్గిపోయిందనేవాళ్లను కరిచింది చాలాసార్లు విషం లేని పామే. విషప్పాము కూడా ఒక్కోసారి విషం వదలకుండానే కరుస్తుంది. ఆ పేరు మంత్రానికి దక్కుతుంది! మన దేశంలో 2000 నుంచి 2019 దాకా ఏటా సగటున 58 వేలమంది పాముకాటుకు బలయ్యారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనదీ ఉంది.

బొల్లాపల్లి మండలం తండాల నుంచి వినుకొండ చేరడానికే బోలెడు సమయం. డయాలసిస్ లాంటి అవసరం వస్తే అక్కణ్నుంచి నరసరావుపేట ఇంకో 40 కిలోమీటర్లు, గుంటూరు ఇంకా దూరం. కాబట్టి దారిలో చేసేది కొంచెమే అయినా సరిగ్గా చేయాలి. బిగించి కట్టొద్దు. నెత్తురు ఆడక కాలు చచ్చుబడుతుంది, విప్పినప్పుడు ఆగిన విషం ఒక్కసారిగా పైకి పోతుంది. కోయొద్దు, నోటితో పీల్చొద్దు. వాపు రాకముందే మెట్టెలు, పట్టీలు, ఉంగరాలు తీసేయాలి. కాలు విరిగినవాళ్లకు కట్టినట్టు కర్ర పెట్టి వదులుగా కట్టి, కదలనివ్వకుండా మోసుకెళ్లాలి. నడిపించకూడదు. 108కి ఫోన్ చేయాలి, అది వచ్చేలోపు వేరే బండి దొరికితే ఎక్కించేయాలి.

అయితే గాజు ట్యూబు కూడా పట్టుకోలేని కాటు ఒకటుంది. కట్లపాముది. మిరప కళ్లాల దగ్గర కావలి పడుకునేవాళ్లు, ఇంట్లో నేల మీద చాప వేసుకునేవాళ్లు దీనికి దొరుకుతారు. నిద్రలో కరుస్తుంది, నొప్పి ఉండదు, గాటు కూడా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తారు. గ్యాసనుకుంటారు. కాసేపటికి రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు. రాత్రి తాగి పడుకున్నాడేమో అనుకునేవాళ్లూ ఉంటారు! దీని విషం దెబ్బ నరాల మీద, నెత్తురు మామూలుగానే గడ్డ కడుతుంది. అందుకే డాక్టరు రోగి కళ్లు చూస్తారు. ఊపిరి తగ్గితే వెంటిలేటర్ కావాలి. ఒక్కోసారి రోజుల తరబడి. అది అందిన మనిషి లేచి మళ్లీ కళ్లానికి వెళ్లగలడు.

వెళ్లేటప్పుడు మాత్రం చాప వదిలి నులకమంచం పట్టుకెళ్లాలి. పైన దోమతెర, అంచులు పరుపు కిందకి దోపి. రాత్రి లేస్తే కాలు కింద పెట్టకముందే టార్చిలైటు వేయాలి.