ముందు గోడలో ఏముందో చూడండి

ఇల్లినాయిస్‌లోని అరోరాలో ఇల్లు కొనుక్కున్న మన తెలుగువాళ్లకి బాలాజీ గుడి దర్శనం ఎంత మామూలో, వారాంతంలో బేస్‌మెంట్ పనులూ అంతే మామూలు. పనివాళ్ల రేట్లు వింటే గుండె గుభేల్‌మంటుంది. అందుకే సగం పని మనమే చేసుకుంటాం, లేదా తెలిసిన కుర్రాళ్లని పిలుస్తాం. పాతది ఊడగొట్టాలంటే అందరూ అందుకునేది రెసిప్రొకేటింగ్ సా. మిల్వాకీ కంపెనీ 1951లో పెట్టిన 'సాజాల్' అన్న పేరే ఇక్కడ వాడుకలో స్థిరపడిపోయింది. ముందుకీ వెనక్కీ ఆడే ఈ రంపం బ్లేడు మారిస్తే చెక్కనీ కోస్తుంది, ఇనుమునీ కోస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

మనం ఇటుక గోడల మధ్య పెరిగినవాళ్లం. ఇక్కడి గోడ చెక్క చట్రానికి డ్రైవాల్ పలకలు కొట్టిన డొల్ల. లోపల కరెంటు తీగ ఉండొచ్చు, నీళ్ల పైపు, గ్యాసు పైపు కూడా ఉండొచ్చు. చికాగో చుట్టుపక్కల చాలా ఊళ్లలో తీగల్ని ఇనుప గొట్టంలోంచే తీసుకెళ్లాలి. 'గొట్టంలో ఉందిగా, తెగదులే' అనుకోవడం ఉత్త భ్రమ. మేకులున్న చెక్కని కోసే బ్లేడుకి మేకు ఎంతో ఆ పల్చటి గొట్టమూ అంతే. కనుక బ్రేకర్ ఆపండి. ఆపాక కూడా టెస్టర్ పెట్టి చూడండి, ఎందుకంటే అదే గోడలోంచి పక్కగది లైను వెళుతూ ఉండొచ్చు. నీళ్లు, గ్యాసు కట్టేయండి. డ్రైవాల్ కొంత చేత్తో విప్పి, లోపల కళ్లారా చూశాకే రంపం ఎత్తండి.

బ్లేడు సంగతి అంగుళానికి ఎన్ని పళ్లన్న దాన్ని బట్టి ఉంటుంది. ఉత్త చెక్కకి 6, మేకులున్న చెక్కకి 6 నుంచి 10 పళ్ల బైమెటల్ బ్లేడు, ఇనుప పైపుకి 14 నుంచి 18, పల్చటి రేకుకి 18 నుంచి 24. కోసే మందంలో కనీసం మూడు పళ్లు ఆనాలి. లేకపోతే పళ్లు రేకుని పట్టి లాగేస్తాయి. ఇనుముకి వేగం తగ్గించి, చుక్క నూనె వేస్తే బ్లేడు నిలుస్తుంది.

బ్లేడు మొదట్లో ఉండే ఇనుప పాదాన్ని కోసేదానికి గట్టిగా ఆనించి, రెండు చేతులతో పట్టుకోవాలి. చాలామంది ఇదే వదిలేస్తారు. పాదం ఆనకపోతే కోత పడదు, మిషనే ఊగుతుంది. బ్లేడు కొస లోపల దేనికైనా తగిలితే వెనక్కి తంతుంది. తెగిపడే ముక్కకి ఆసరా లేకపోతే బ్లేడు బిగుసుకుంటుంది. బ్లేడు మార్చేముందు బ్యాటరీ తీయండి, లేదా ప్లగ్గు పీకండి. ఇనుము కోసిన బ్లేడుని వెంటనే ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. చదువుకునే కళ్లజోడు రక్షణ కాదు, జెడ్ 87 ముద్ర ఉన్నది పెట్టుకోండి. ఫాక్స్ నది పక్కన పాత అరోరాలో 1978కి ముందు కట్టిన ఇళ్లయితే రంగులో సీసం ఉండొచ్చు. ఆ దుమ్ము పిల్లలకి మరీ ప్రమాదం.

ఇక పిలిస్తే వచ్చే కుర్రాళ్ల సంగతి. స్టూడెంటు వీసా మీదున్నవాడు అనుమతి లేకుండా కూలికెళితే వీసాకే ముప్పు, అది వేరే కథ. కానీ వాడి చేతికి రంపమిచ్చి 'త్వరగా కానీ తమ్ముడూ' అనే కాంట్రాక్టరు మనవాడే అయినా చట్టం మారదు. పని చేయించేవాడే చాలావరకు రక్షణ సామగ్రి తన ఖర్చుతో ఇవ్వాలని 2008 నుంచి ఓషా నిబంధన ఉంది. పనివాడికి అర్థమయ్యే భాషలోనే శిక్షణ ఇవ్వాలని ఓషా 2010లో స్పష్టం చేసింది. తెలుగులో పది నిమిషాలు చెప్పడానికి మన కాంట్రాక్టర్లకి ఏం అడ్డం? గోడ విప్పి చూసే అరగంటకీ కూలి లెక్కగట్టాలని మేం అంటాం. అది ఇవ్వనివాడి దగ్గర పని మానుకోవడమే మేలు.

రీమోడలింగ్ కాంట్రాక్టరు దగ్గర పనిలో దెబ్బ తగిలితే ఇల్లినాయిస్‌లో వర్కర్స్ కాంపెన్సేషన్ వర్తిస్తుంది. వీసా కాగితాలు ఎలా ఉన్నా సరే. 'ఇంట్లో పడ్డానని చెప్పు' అని ఎవరన్నా ఆసుపత్రిలో అబద్ధం ఆడకండి. దెబ్బ తగిలిన 45 రోజుల్లోగా యజమానికి తెలియజేయాలి, అదీ కాగితం మీద రాసిచ్చి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.