కథ అయ్యేదాకా నోరు మూసుకోవాలా?

సూపర్ హీరోల కామిక్స్ విషయంలో ఒక అభిప్రాయం పెద్దమనిషి తరహాగా చలామణి అవుతోంది. ఇరవై పేజీల సంచిక చేతికి రాగానే దాని మీద పడి వాదులాడుకోవడం పిల్లచేష్ట అట. కథంతా వచ్చి, సంపుటంగా అచ్చయ్యాక, ఒక్క బిగిన చదివి అప్పుడు మాట్లాడాలట. దీనికి తోకలాగా ఇంకో మాట: రచయిత అనేవాడు అభిమానుల గోల చెవిని పెట్టకూడదు, పెట్టాడా కథ చెడుతుంది. ఈ మాట అనేవాళ్లలో నేను గౌరవించే విమర్శకులున్నారు, కామిక్స్ రాసేవాళ్లూ ఉన్నారు. అయినా ఇది తప్పు. ఎక్స్‌-మెన్, అవెంజర్స్, లీజియన్ లాంటి జట్టు కామిక్స్ దగ్గరకొస్తే మరీ తప్పు.

2019 వేసవి సంగతి చూడండి. జొనాథన్ హిక్‌మన్ ఎక్స్‌-మెన్ కథను కొత్తగా ఎత్తుకున్నారు. 'హౌస్ ఆఫ్ ఎక్స్', 'పవర్స్ ఆఫ్ ఎక్స్' అని రెండు శీర్షికలు, ఒక్కోదానికి ఆరు సంచికలు, వారానికొకటి చొప్పున పన్నెండు వారాలు. మొయిరా మక్‌టాగర్ట్ అనే పాత్ర 1975 నుంచీ పాఠకులకు తెలుసు. మామూలు మనిషి, శాస్త్రవేత్త. 'హౌస్ ఆఫ్ ఎక్స్' రెండో సంచికలో ఆమె పుట్టుకతోనే శక్తి ఉన్న మ్యూటెంట్ అని తేలింది. చచ్చిపోయిన ప్రతిసారీ పాత జ్ఞాపకాలన్నీ మోసుకుంటూ మళ్లీ అదే కడుపున పుడుతుందట. ఆ జన్మలన్నిటినీ వరసగా గీసిన పట్టిక ఒకటి అదే సంచికలో వేశారు. అందులో ఆరో జన్మ లేదు.

అది పాఠకుడి కోసం వేసి ఉంచిన పీట. రెండు నెలలపాటు జనం ఆ పీట మీదే కూర్చున్నారు. బుధవారం కొత్త సంచిక వస్తుంది, కామిక్స్ షాపు కౌంటర్ దగ్గరే మొదటి వాదన మొదలవుతుంది, మళ్లీ బుధవారం దాకా అది ఆగదు. రంగులను బట్టి ఒకరు, తేదీలను బట్టి ఒకరు లెక్కలు వేశారు. 'పవర్స్ ఆఫ్ ఎక్స్' చివరి సంచికలో, అక్టోబరులో, జవాబు దొరికింది. మనం వెయ్యేళ్ల తర్వాతి భవిష్యత్తు అనుకుంటూ చూసిందే ఆ ఆరో జన్మ. ఇదే కథను సంపుటంగా చదివేవాడికి ప్రశ్నా జవాబూ ఒకే అట్టల మధ్య ఉంటాయి. అతను చదివింది కథే, కాదనను. కానీ హిక్‌మన్ రాసినదాంట్లో ఆ వారాల ఎడం కూడా ఒక భాగం. అది అతనికి అందలేదు.

వారపత్రికల్లో సీరియళ్లు చదివిన మన అమ్మలకు, పిన్నులకు దీన్ని వివరించనక్కర్లేదు. ఒక్క కాపీ వీధంతా తిరిగేది. ఆ వారం భాగం చదివినవాళ్లు చదవనివాళ్ల ముందు నోరు నొక్కుకునేవాళ్లు, చదివినవాళ్లు ఇద్దరు కలిస్తే బావి గట్టు మీద బిందె నిండిన సంగతి కూడా మరచిపోయేవాళ్లు. అవే సీరియళ్లు నవలలుగా వచ్చాక చదివినవాళ్లకు కథ తెలుసు. ఆ ఏడు రోజులు తెలియవు.

రెండో మాటకొస్తాను, రచయిత చెవులు మూసుకోవాలన్న మాటకు. జట్టు కామిక్స్ చరిత్ర తెలిసినవాళ్లు ఈ మాట ఎలా అనగలుగుతారో నాకు అర్థం కాదు. లీజియన్ ఆఫ్ సూపర్ హీరోస్ 1958లో 'అడ్వెంచర్ కామిక్స్' 247వ సంచికలో ఒక్క కథ కోసం పుట్టింది. ముప్ఫయ్యో శతాబ్దం నుంచి ముగ్గురు పిల్లలు వచ్చి సూపర్‌బాయ్‌ని పలకరించి వెళ్తారు. అంతటితో అయిపోవాల్సిన కథ. వాళ్లు మళ్లీ కావాలని పాఠకులు ఉత్తరాలు రాశారు. వాళ్లను మళ్లీ రప్పించారు, మళ్లీ మళ్లీ రప్పించారు, 1962కల్లా అదే పత్రికలో సొంత చోటు ఇచ్చారు. జట్టు పెరిగి పెరిగి ఇరవై మంది దాటింది. జట్టు నాయకుడెవరో పాఠకుల ఓట్లతో తేల్చే ఆనవాయితీ కూడా వచ్చింది. 1966లో ఆ లీజియన్ కథ ఒకటి రాసి అమ్మినవాడు పిట్స్‌బర్గ్ కుర్రాడు జిమ్ షూటర్. అప్పటికి పద్నాలుగేళ్లు. చదివాడు, ఇంతకన్నా బాగా రాయొచ్చనుకున్నాడు, రాశాడు.

డీసీ ప్రచురణ సంస్థ సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్ తన పత్రికల్లో ఉత్తరాలతో పాటు రాసినవాళ్ల పూర్తి చిరునామాలు కూడా అచ్చు వేసేవారు. చిన్న సంగతిలా కనబడుతుంది, కాదు. ఒకరినొకరు ఎరగని పాఠకులు ఆ చిరునామాలు పట్టుకుని నేరుగా ఉత్తరాలు రాసుకోవడం మొదలుపెట్టారు. డెట్రాయిట్‌లో పాఠాలు చెప్పే జెర్రీ బెయిల్స్, మిస్సోరీకి చెందిన రాయ్ థామస్ కలిసి 1961లో 'ఆల్టర్ ఈగో' అనే చిన్న పత్రిక తీశారు. నాలుగేళ్లకు రాయ్ థామస్ ఇంకో ప్రచురణ సంస్థ మార్వెల్‌లో ఉద్యోగి. ఆ మరుసటి ఏడాది అవెంజర్స్ రచయిత. 1972లో మార్వెల్ ప్రధాన సంపాదకుడు. మార్వెల్‌లోనే స్టాన్ లీ ఇంకో అలవాటు చేశారు. సంచికలో తప్పు పట్టుకుని, అది తప్పు ఎందుకు కాదో కూడా నమ్మేలా వివరించిన పాఠకుడికి 'నో-ప్రైజ్' అని ఒక ఖాళీ కవరు పోస్టులో వెళ్లేది. లోపల ఏమీ లేని ఆ కవరును దాచుకున్నవాళ్లున్నారు. కథలో చిరుగును తన చేత్తో కుట్టినందుకు గుర్తింపు అది.

అయితే ఇదంతా పాఠకులు ఎంత పనికొచ్చారన్న లెక్క. అసలు విషయం అంతకన్నా లోతుగా ఉంది. ఒంటరి హీరో కథలో అడగాల్సిన ప్రశ్న ఒకటే: అతను చేసింది సబబేనా? జట్టు కథలో ఇంకో ప్రశ్న తప్పదు. ఒకరికి కష్టం వచ్చినప్పుడు మిగతావాళ్లు ఏం చేశారు? ఏడుగురు ఉన్న జట్టుకు చదివేవాళ్లలో ఏడు పక్షాలు ఉంటాయి. ప్రతి సభ్యుడికీ బయట ఎవరో ఒకరు వకాల్తా పుచ్చుకుంటారు. ఆమెకు రెండు నెలలుగా ఒక్క మాటా ఇవ్వలేదేం, అతను ఆమెను అంతమంది ముందు అంత మాటన్నప్పుడు కెప్టెన్ పక్కనే ఉండి నోరెత్తలేదేం అని అడిగేది వాళ్లే. ఇరవై పేజీల్లో ఏడుగురికి న్యాయం చేయడం రచయితకు కష్టం. ఆ కష్టాన్ని పట్టి చూసే కళ్లు బయట ఉండాలి.

1980 అక్టోబరు తేదీతో అవెంజర్స్ 200వ సంచిక వచ్చింది. పేజీలు పెంచి వేసిన పండగ సంచిక. కథ కింద నలుగురి పేర్లు: జిమ్ షూటర్, జార్జ్ పెరెజ్, బాబ్ లేటన్, డేవిడ్ మిషలినీ. జట్టు సభ్యురాలు మిస్ మార్వెల్, అంటే కెరల్ డాన్వర్స్, ఎలాగో తనకే తెలియకుండా గర్భవతి అవుతుంది. రోజుల్లోనే కాన్పు. పుట్టిన బిడ్డ చూస్తుండగానే ఎదిగి మార్కస్ అనే యువకుడవుతాడు. లింబో అనే లోకానికి ఆమెను తీసుకుపోయింది తనేననీ, యంత్రాల సాయంతో ఆమె మనసును తనవైపు తిప్పుకున్నాననీ, ఆమె కడుపున తానే పుట్టి భూమ్మీదకు రావాలన్నది తన ఎత్తు అనీ తన నోటితోనే చెప్తాడు. చివరికి కెరల్ అతని వెంట వెళ్లిపోతుంది. జట్టు సాగనంపుతుంది. ఆమె సుఖపడితే చాలు అనుకుంటుంది. అక్కడితో కథ సమాప్తం.

కెరల్ స్ట్రిక్లండ్ అనే పాఠకురాలు 'ఎల్‌ఓసీ' అనే ఫ్యాన్‌జైన్‌లో, అంటే అభిమానులు నడిపే చిన్న పత్రికలో, దీని మీద వ్యాసం రాశారు. జరిగిన దానికి ప్రేమ అని పేరు పెట్టడానికి ఆమె ఒప్పుకోలేదు. అత్యాచారం అన్నారు, వ్యాసం పేరులోనే ఆ మాట పెట్టారు. మంత్రమో యంత్రమో వేసి తిప్పుకున్న మనసు సమ్మతి కాదన్నారు. ఆ నలుగురు మగవాళ్లకు, వాళ్ల పైన పత్రికను అచ్చుకు పంపినవాళ్లకు కనబడనిది ఈమెకు కనబడింది. ఎలా కనబడింది? కథను ఆమె తన సొంత మనిషికి జరిగినదానిలా చదివారు కాబట్టి.

కథ పూర్తయ్యేదాకా ఆగమనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి. ఆగడానికి అక్కడ ఏముంది? కథ పూర్తయింది. ఆమెను పంపించేశారు. ఆ పాత్ర ఇక తిరిగి రానక్కర్లేదన్నట్టే ముగించారు. పాఠకులు మర్యాదగా ఊరుకుని ఉంటే ఆ వీడ్కోలే చివరి మాట అయ్యేది.

కాలేదు. 1981లో అవెంజర్స్ యాన్యువల్ పదో సంచిక క్రిస్ క్లేర్‌మాంట్ రచనతో, మైకేల్ గోల్డెన్ బొమ్మలతో వచ్చింది. ఆ వ్యాసం వల్లే వచ్చిందని నేను అనను. అంతకు ముందు మిస్ మార్వెల్ సొంత పత్రికను చాలావరకు రాసింది క్లేర్‌మాంటే, 200వ సంచిక మీద ఆయనకూ తన కోపం ఉంది. కానీ ఆ యాన్యువల్ చివరి పేజీల్లో జరిగేది సరిగ్గా ఆ పాఠకురాలు అడిగినదే. శక్తులు పోగొట్టుకుని, జ్ఞాపకాలు పోగొట్టుకుని, ప్రొఫెసర్ ఎక్స్ సాయంతో వాటిలో కొన్నిటిని వెనక్కి తెచ్చుకున్న కెరల్ తన పాత జట్టును ఎదురుగా నిలబెట్టి అడుగుతుంది. నాకు ఏం జరుగుతోందో మీలో ఒక్కరైనా ఎందుకు ఆలోచించలేదు? నా ఇష్టమేనని ఎలా అనుకున్నారు? కెప్టెన్ అమెరికా, థార్, ఐరన్ మ్యాన్ తలలు వంచుకుని వింటారు. లోకాలను కాపాడిన జట్టు తన ఇంటి మనిషి విషయంలో దోషిగా నిలబడిన ఆ సన్నివేశాన్ని మించినది అవెంజర్స్ కథల్లో నేను చదవలేదు.

ఆ 200వ సంచిక కథ కింద పేరున్న, అప్పటికి మార్వెల్ ప్రధాన సంపాదకుడైన జిమ్ షూటర్ ఎవరో గుర్తుంది కదా. పద్నాలుగేళ్లకే పాఠకుడి కుర్చీలోంచి లేచి వచ్చిన ఆ కుర్రాడే. ఒకప్పటి పాఠకుడు కుర్చీ మారగానే పాఠకుడి చూపు పోగొట్టుకోవచ్చు. అందుకే ఆ కుర్చీ ఖాళీగా ఉండకూడదంటున్నాను.

ఎదుటివాళ్లు నా ముందు పెట్టే ఉదాహరణ నాకు తెలుసు. 1988లో బ్యాట్‌మన్ పత్రిక రెండు ఫోన్ నంబర్లు ఇచ్చి, రెండో రాబిన్ జేసన్ టాడ్ బతకాలో చావాలో పాఠకులనే తేల్చమంది. కాల్‌కు యాభై సెంట్లు. చావాలన్నవాళ్లు 5,343, బతకాలన్నవాళ్లు 5,271. డెబ్భై రెండు కాల్స్ తేడాతో ఒక కుర్రవాణ్ణి చంపారు. ఇదిగో మీ పాఠకుల వివేకం అంటారు. ఫోను చేసినవాడిని ఎందుకని ఎవరు అడిగారు? కారణం చెప్పనక్కర్లేదు, ఎదుటివాడి మాట వినక్కర్లేదు, నంబరు నొక్కితే చాలు. ఉత్తరం రాసేవాడికి ఆ వెసులుబాటు లేదు, తన మాటకు తన పేరు కట్టుబడి ఉంటుంది. ఆ పోలింగు చర్చను పక్కకు నెట్టి దాని చోట అంకెను కూర్చోబెట్టింది. దాని పాపం చర్చకు అంటగట్టడం న్యాయం కాదు.

రచయితలను, ముఖ్యంగా రచయిత్రులను బెదిరించేవాళ్ల గురించి కూడా చెప్తారు. ఉన్నారు. అది నేరం, నేరంగానే చూడాలి. దాన్ని చూపించి సంచిక చదివి ప్రశ్న అడిగే మనిషి నోరు కట్టేస్తానంటే ఒప్పుకోను.

పాఠకుల మాట అన్నిసార్లూ మంచికే దారితీసిందని కూడా నేను చెప్పడం లేదు. 1980లోనే చనిపోయిన ఎక్స్‌-మెన్ సభ్యురాలు జీన్ గ్రేను 1986లో తిరిగి తెచ్చారు. నీటి అడుగున ఒక గూటిలో అసలు జీన్ నిద్రపోతూ ఉందనీ, చనిపోయింది ఆమె రూపం దాల్చిన వేరే శక్తి అనీ చెప్పారు. ఆ ఉపాయం అప్పటికింకా రచయిత కాని కర్ట్ బ్యూసిక్ అనే అభిమాని బుర్రలో పుట్టింది. నాకు అది ఇప్పటికీ మింగుడుపడదు. ఆమె చావుకున్న బరువంతా దాంతో తేలిపోయింది. ఆమె తిరిగి రాగానే ఆమె పాత ప్రేమికుడు స్కాట్ సమ్మర్స్ భార్యనూ పసిబిడ్డనూ వదిలి వెళ్లాడు, ఆ మచ్చ అతన్ని నేటికీ వదల్లేదు. కానీ ఈ గొడవ కూడా సాగుతూనే ఉంది కదా. నలభై ఏళ్లుగా ఎవరో ఒకరు స్కాట్ తరఫున, ఎవరో ఒకరు ఆ భార్య మాడెలిన్ తరఫున మాట్లాడుతూనే ఉన్నారు. మాట్లాడేవాళ్లు ఉన్నంతకాలం ఆ తప్పుకు మాఫీ దొరకదు.

ఆ 200వ సంచికను, ఆ యాన్యువల్‌ను ఇవాళ పక్కపక్కన పెట్టుకుని గంటలో చదివెయ్యొచ్చు. మొదటి పుస్తకంలో కెరల్ వెళ్లిపోతుంది, రెండో పుస్తకంలో వచ్చి అడుగుతుంది. మధ్యలో పేజీ తిప్పినంత ఎడం కూడా ఉండదు. 1980లో మొదటి పుస్తకం మూసిన పాఠకురాలికి రెండోది ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఆమె కాగితం తీసుకుంది.